కరీమున్ పంతులమ్మ పత్తిసాళ్ళు

కరీమున్ కుర్చీలో ఇలా కూర్చుందో లేదో అలా లేచి నిలబడింది. ముందు చీమ కుట్టిందనుకుంది. ఆ తర్వాత చీమల పుట్టే పాకిందనుకుంది. నడుం దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా ఒకటే దురద, ఒకటే మంట. బడి నిండా ఉన్న పిల్లలు ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకే చూస్తున్నారు. వెనక నుంచి కిసుక్కున ఒక నవ్వు పుట్టింది. ఇక చూడండి, పూరికప్పు లేచిపోతుందేమో అన్నంత గోల!

కుర్చీ మీద దూలగొండి నూగు చల్లారు.

"ఎవర్రా ఈ పని చేసింది?" అంది కరీమున్, గోక్కోలేక, గోక్కోకుండా ఉండలేక.

"కుర్చీయే చేసుంటదండీ. పాత కుర్చీ గదా, దానికే దురద" అంది బసవమ్మ.

మళ్ళీ గోల.

ఆ బసవమ్మ అయిదో తరగతి. ఊరి బయట పల్లెలో ఉండే చెంచయ్య కూతురు. మనిషి బెత్తెడే గానీ గొంతు విప్పిందంటే మూడు చేల అవతల మేస్తున్న మేకలు తలెత్తి చూడాల్సిందే. బడిలో ఏ అల్లరి పుట్టినా దాని వేరు ఆ పిల్ల దగ్గర ఉండేది. ఒకరి పిలక ఇంకొకరి జడకి కట్టించడం, కొత్తగా చేరిన బుడ్డోడి పలక మీద ఎండుమిరప గింజలు చల్లించడం, కరీమున్ బోర్డు వైపు తిరిగిందంటే ఆమె నడకే నడిచి చూపించడం. అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పినవాడు మర్నాడు బడికి వచ్చే దారిలో బసవమ్మకి దొరకాలి గదా!

అది పంచాయతీ సమితులు వచ్చిన కొత్త. పర్చూరు అవతల నల్లరేగడిపాలెం బడికి కరీమున్ పంతులమ్మగా వచ్చింది. ఒకటే పాక, ఒకటే బోర్డు, ఒకటి నుంచి అయిదు దాకా తరగతులన్నీ అందులోనే. అంతకు ముందు ఆదెయ్యగారని ఒక పంతులుగారు ఉండేవారు. ఆయన చింతబరికె దూలానికి దోపి ఉంచితే చాలట, పిల్లలు తుమ్మడానికి కూడా భయపడేవాళ్ళట. ఆయన వెళ్తూ వెళ్తూ ఆ బరికె కరీమున్ చేతికిచ్చి, "అమ్మాయ్, చదువంతా దీన్లోనే ఉంది" అన్నారు.

కరీమున్ దాన్ని ఒకసారి ఎత్తింది. చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

ఆమెకి ఒక్కడే కొడుకు. నాలుగేళ్ళవాడు. జ్వరంలో మందు మింగనని మొండికేస్తే వీపు మీద ఒక దెబ్బ వేసింది. మర్నాటికి వాడు లేడు. ఆ దెబ్బకీ వాడు పోవడానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు, రసూల్ చెప్పాడు, అందరూ చెప్పారు. చేతికి మాత్రం ఆ మాట వినపడలేదు.

రసూల్ ఆమె భర్త. ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. బిడ్డ పోయాక వాళ్ళ ఊళ్ళో ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, పొయ్యి మీద నీళ్ళు కాగే చప్పుడు వీధి గుమ్మం దాకా వినిపించేది. ఎప్పుడో పెళ్ళికి ముందు పాసైన ట్రైనింగు కాగితం పట్టుకుని రసూలే తిరిగి తిరిగి ఈ ఉద్యోగం తెచ్చాడు. "ఇక్కడ్నుంచి పోదాం పదవే" అన్నాడు. ఇద్దరూ వచ్చి సుబ్బరావమ్మ అనే ఆవిడ ఇంట్లో వసారా అద్దెకు తీసుకున్నారు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. కరీమున్‌కి దూలగొండి కన్నా ఆ ఆలోచనే ఎక్కువ మండేది.

దూలగొండి రోజు సాయంత్రం సుబ్బరావమ్మ ఆమె వాలకం చూసి పేడ తెచ్చింది. "పట్టించుకుని నీళ్ళు పోసుకో తల్లీ. సిగ్గుపడబాక. ఆ బసవే గదా చేసింది? దాని తోలు ఒలవలేకపోయావా?"

మర్నాడు చెంచయ్యని పిలిపిస్తే అతనూ అదే అన్నాడు. "నన్నెందుకు పిలవటం పంతులమ్మగారూ? కళ్ళు రెండూ వదిలిపెట్టి మిగతాదంతా చీరెయ్యండి. నేనేం అననుగా!"

పక్కనే నిలబడ్డ బసవమ్మ తండ్రి మాటకి తల ఊపింది, న్యాయంగానే ఉందన్నట్టు!

ఇంకో రెండు రోజులకి ప్రెసిడెంటు అంకమ్మరావు గారు వచ్చారు. ఆయన ఇల్లు బడిని ఆనుకునే ఉంది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, మంచిదానివే. కాదన్ను. కానీ ఇది బడా, సంతా? నెలాఖరుకి ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. అప్పటికి దారికొచ్చిందా సరే. లేకపోతే మగ పంతుల్ని వెయ్యమని ఆయన్నే అడుగుతా. ఏమనుకోబాక" అన్నారు.

కరీమున్ ఏమనుకుంటుంది? సరేనండీ అంది.

ఆ ఆదివారం రసూల్ పరుపుల కోసం మంచి పత్తి చూడటానికి అంకమ్మరావు గారి చేలోకి వెళ్తూ, "నువ్వూ రా, గాలి తగుల్తుంది" అని ఆమెని వెంటబెట్టుకెళ్ళాడు. నల్లరేగడి మీద పగిలిన పత్తి. ఎంతదూరం చూసినా తెలుపే! కరీమున్ గట్టు మీద కూర్చుని చేలోకి చూసింది. చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

తన బడి మొత్తం చేలో ఉంది!

ఆ అల్లరి మూక అంతా ఒడికట్లు కట్టుకుని సాళ్ళల్లో నిలబడి పత్తి తీస్తోంది. ఒక్కొక్క సాలుకి ఒక పెద్ద, ఒక చిన్న. పై కాయలు పెద్దవాళ్ళవి. వంగే పని లేకుండా చేతికందే కింది కాయలు చిన్నవాళ్ళవి. పిల్లల ముఠాకి మేస్త్రీ ఎవరనుకున్నారు? బసవమ్మే! కేక లేదు, తిట్టు లేదు. సాళ్ళ వెనక తిరుగుతూ ఎవరైనా వెనకబడితే, "ఆ సాలు కలుపుకోండే" అంటుంది మెల్లగా. పక్క సాలువాళ్ళు చేతులు చాచి కొన్ని చెట్లు తీసిపెడతారు. వెనకబడ్డవాడు ముందుకొచ్చేస్తాడు. అంకమ్మరావు గారి మనవడు కోటిలింగం సరదాకి దిగినట్టున్నాడు, పల్లె పిల్లాడు బుల్లయ్య పక్కన వాడూ ఒక సాలు పట్టాడు.

మధ్యలో అంకమ్మరావు గారు గట్టెక్కారు. ఆసామి కనపడగానే అందరి తలలూ వంగిపోయాయి. ఒక్కరు మాట్లాడితే ఒట్టు. చేతులు మాత్రం రెండింతలు ఆడుతున్నాయి. "ఏం బసవా, ఎందాకా వచ్చింది?" అంటే, "అయిపోవస్తందయ్యా" అని బసవమ్మ ఒక్కతే జవాబిచ్చింది.

ఇక పొద్దు వాలాక పంపకం! తీసిన పత్తిలో కూలీలకి పాలు పెడతారు. ఆ వేళ ఆసామి అని లేదు, పెద్దా చిన్నా అని లేదు. ఎవరి కుప్ప వెనక వాళ్ళు నిలబడి, "గట్టు పక్క సాలు నాదీ! తుమ్మచెట్టు కింద సాలు నాదీ!" అని గొంతు చించుకోవాల్సిందే. నోరు మూసుకుని నిలబడితే పెట్టేవాడు మర్చిపోయి ముందుకెళ్ళిపోతాడు. అంకమ్మరావు గారు అంత గోలనీ నవ్వుతూ వింటున్నారు. కసిరిన పాపాన పోలేదు.

కరీమున్ రసూల్ భుజం పట్టుకుని ఊపేసింది. "చూశావా! చూశావా అసలు?"

"చూశా. పొట్టి పింజ. పరుపుకి పనికిరాదు" అన్నాడు రసూల్.

"పత్తి కాదయ్యా! పిల్లల్ని!"

సోమవారం పొద్దున్నే ఆమె ముగ్గుపిండి పట్టుకెళ్ళి బడి నేల మీద సాళ్ళు గీసింది. పిల్లలొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. కరీమున్ గంభీరంగా, "బసవా, ఇట్రా. ఇవాళ్టి నుంచి బడికి నువ్వే మేస్త్రీవి" అంది.

బసవమ్మ అనుమానంగా చూసింది. "కొట్టటానికా?"

"కొట్టటానికి కాదు. సాళ్ళు నడపటానికి. అయిదో తరగతి వాళ్ళు ఒక్కొక్కరు ఒక సాలు పట్టాలి. వాళ్ళ ముందు నాలుగు, మూడు, రెండు, చివర్న ఒకటో తరగతి బుడ్డోడు. సాలులో చిన్నవాడి పలక నిండకపోతే సాలు అయినట్టు కాదు."

"మేస్త్రీకి కూలేందండీ?"

"సాళ్ళన్నీ అయితే చివర గంట కానుగ చెట్టు కింద కథ. ఏ కథ చెప్పాలో మేస్త్రీ ఇష్టం."

బసవమ్మ చేలో బేరం ఆడినట్టే ఆడింది. "దెయ్యం కథయినా సరేనా?"

"సరే."

"అయితే కూచోండ్రా!" అని బసవమ్మ ఒక్క కేక పెట్టింది. అంతా కూలబడ్డారు.

వెంటనే బాగుపడిపోయిందనుకునేరు. మొదటి రోజు మా సాలు ముందంటే మా సాలు ముందని తోసుకుని మూడు పలకలు పగలగొట్టారు. రెండో రోజు ఒకటో తరగతి పిల్లలంతా భోరుమని ఏడుపు. చూస్తే ఒక్కొక్కడి తొడ మీదా ఎర్రటి గిల్లు.

"బసవా, చేలో ఎవర్నైనా గిల్లావా?" అనడిగింది కరీమున్.

"లేదండీ. గిల్లితే గింజుకుంటారు. పత్తంతా మన్నుపాలవుద్ది."

"ఇక్కడా అంతేనే."

బసవమ్మ ఆ చిన్నపిల్లల వైపూ, వాళ్ళ కన్నీళ్ళు పడి చెరిగిపోయిన పలకల వైపూ చూసింది. మర్నాటి నుంచి గిల్లుళ్ళు లేవు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ వేళ్ళు పట్టుకుని దిద్దించసాగారు. అ ఆ లు రాని కోటిలింగం తమ్ముడికి పక్క సాలునించి బుల్లయ్య చెయ్యి చాచి రాసిపెట్టబోతే, "రాసిపెట్టటం కాదురా, రాయించు!" అంది మేస్త్రీ. పదిరోజులు తిరిగేసరికి బడి తేనెటీగల పట్టులాగా ఒకటే రొద. అల్లరి రొద కాదు, పని రొద! కరీమున్ దాని మధ్యన నిలబడి కళ్ళు మూసుకుని వినేది. కడుపు నిండేది ఆమెకి.

అంకమ్మరావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి మొహం ఎర్రగా ఉంది. "ఏందమ్మాయ్, మావాణ్ణి తీసుకెళ్ళి పల్లె పిల్లల సాల్లో కూచోబెట్టావంట?"

"ఆ మధ్య ఆదివారం మీ చేలోనే చూశానండీ. కోటిలింగం, బుల్లయ్యా పక్కపక్కనే సాళ్ళు పట్టారు. మీరూ గట్టు మీదే ఉన్నారు" అంది కరీమున్. అంత మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"చేను వేరు, బడి వేరు!"

"వాడికి ఎక్కాలు రావట్లేదండీ. బుల్లయ్యకి వచ్చు. అందుకని."

అంకమ్మరావు గారు మీసం దువ్వుకున్నారు. "కానీ. ఇన్‌స్పెక్టరు గారు రానీ. ఆయన ముందు నీ పిల్లలు ఏం చెప్తారో నేనూ వింటా. ఆ పూట తేలిపోవాల!"

తేలిపోయే పూట రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు సైకిలు దిగి, గొడుగు మడిచి, కళ్ళజోడు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టారు. వెనకే అంకమ్మరావు గారు. పిల్లలంతా లేచి దండాలు పెట్టి సాళ్ళల్లో కూర్చున్నారు. కరీమున్ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని దేవుడా దేవుడా అనుకుంటోంది.

"ఏడు ఎనిమిదులు?" అన్నారాయన ముందున్న పిల్లాడితో.

పిల్లాడు తల వంచాడు. పలక మీద బలపం టకటకా ఆడింది. నోరు మాత్రం తెరవలేదు.

"నువ్వు చెప్పమ్మా."

ఆ పిల్లా తల వంచింది.

ఒక సాలు, రెండో సాలు, మూడో సాలు. ఎవర్నడిగితే వాళ్ళు తల వంచి గబగబా రాసుకుంటున్నారు. చీమ చిటుక్కుమనడం లేదు. ఆ బడి కట్టింది మొదలు అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. అన్నాళ్ళూ కరీమున్ ఏ గోల ఆగాలని మొక్కుకుందో ఆ గోల ఆగిపోయింది, అదే ఇప్పుడు ఆమె కొంప ముంచేలా ఉంది! ఈ నిశ్శబ్దం ఆమెకి తెలుసు. ఇది తమ ఇంట్లోది. ఇక్కడికీ వచ్చిందా అనిపించింది.

"ఏమ్మా, ఇంతమందిలో ఒక్కరికీ మాటలు రావా? మీరు వీళ్ళకి ఏం నేర్పుతున్నట్టు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

అంకమ్మరావు గారు గొంతు సవరించుకుని, "అందుకేనండీ, ఒక మగ పంతులు..." అని మొదలుపెట్టారు.

"బసవా, నువ్వన్నా చెప్పవే! సాళ్ళు ఎందాకా వచ్చాయి?" అంది కరీమున్ ఏడుపు గొంతుతో.

బసవమ్మ తల ఎత్తకుండానే, "అయిపోవస్తందయ్యా" అంది. ఇన్‌స్పెక్టరు గారితో అన్న మాట అది!

అప్పుడు కరీమున్‌కి వెలిగింది. వీళ్ళకి చదువు రాకపోవడం కాదు! సాళ్ళల్లో కూర్చోబెట్టింది తను. పనిలో ఉండగా చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి గట్టెక్కాడు. ఆసామి ముందు సాలులో ఉన్నవాడు నోరు విప్పుతాడా? చేలో నేర్చిన మర్యాద అంతా పిల్లలు బడికి మోసుకొచ్చారు. పాపం, పంతులమ్మ పరువు కాపాడుతున్నామనుకుంటున్నారు!

ఆమె చప్పట్లు చరిచింది. పరువూ పోయింది, భయమూ పోయింది. చేలో అరిచినట్టే అరిచింది.

"మేస్త్రీ! సాళ్ళన్నీ అయిపోయాయి! పంపకం పెట్టు! ఎవరి కుప్ప వాళ్ళు అడిగి తీసుకోవాల!"

బసవమ్మ తలెత్తింది. కరీమున్ మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఇక ఆ పిల్ల లేచి నిలబడి గొంతు విప్పింది చూడండి!

"పంపకం రోయ్! పంపకం!"

అంతే! బడంతా ఒక్కసారి పైకి లేచింది. "ఏడెనిమిదులు యాభయ్యారూ! నాదీ!" "ఏడు తొమ్మిదులు అరవై మూడు, నాది నాదీ!" "గుంటూరు జిల్లాకి తూర్పున సముద్రం, అది మా సాలుదీ!" "వేమన పద్యం నాకొచ్చండీ, నన్నడగండీ!" ఒకడు పంతులమ్మ బల్లెక్కాడు, ఒకత్తె వాణ్ణి లాగేసి తనెక్కింది. ఒకటో తరగతి బుడ్డోళ్ళు అ అమ్మ ఆ ఆవు అంటూ ఇన్‌స్పెక్టరు గారి పంచె పట్టుకుని గుంజుతున్నారు, తమ పాలు ఎక్కడ ఎగ్గొడతాడోనని. కోటిలింగం అందరికన్నా మించి, "తొమ్మిదో ఎక్కం మొత్తం నాదీ! బుల్లిగాణ్ణడగండి, వాడే సాక్షీ!" అని తాత మొహం మీదే అరుస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు ముందు రెండు చెవులూ మూసుకున్నారు. తర్వాత ఒక చెవి తెరిచారు. ఒక పిల్లాడి నోటి దగ్గర చెవి పెట్టారు, ఇంకొక పిల్ల నోటి దగ్గర పెట్టారు. అటూ ఇటూ తిరుగుతూ పెడుతూనే ఉన్నారు. ఆయన మీసాల కింద నవ్వు మొదలై పొట్ట దాకా పాకింది.

"ప్రెసిడెంటు గారూ! ఇంత గోలలో ఎవడి నోట చూసినా పాఠమే వినపడతోందయ్యా!"

ఆయన ఆ మాట అంటుండగానే వీధిలో మనుషుల పరుగులు. మిరపకళ్ళాల్లో కాయ ఏరుతున్న ఆడవాళ్ళంతా గంపలూ, గిన్నెలూ, చాటలూ పట్టుకుని వగరుస్తూ వచ్చి గుమ్మం నిండా నిలబడ్డారు. ముందు బసవమ్మ తల్లి.

"ఏందమ్మా మీరంతా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"పంపకం అని మా పిల్ల అరుస్తంటేనండీ! బళ్ళో పాలపొడి పెడతన్నారేమోనని పరిగెత్తుకొచ్చాం" అందావిడ. లోపలికి తొంగి చూసి, గంప చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పెడతంది ఎక్కాలా! అయ్యో నా తల్లే, అది మా బసవే?"

"ఆ అరిచేది మా బుడ్డోడే! పేరన్నా పలకలేనోడు, చూడవే పద్యం చెప్తన్నాడు!" అని ఇంకొకావిడ చాట కింద పడేసింది.

"ఈ పంతులమ్మని ఎక్కడికో పంపుతారంటన్నారు, నిజమేనా పెసిడెంటు గారూ?" అంది బసవమ్మ తల్లి, మిరపకారం అంటిన చేతులు నడుముకి పెట్టుకుని. "రేపట్నించి మీ కళ్ళాంలో కాయ ఎవరేరతారో అదీ చెప్పండి మరి!"

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. అంకమ్మరావు గారు మనవడి వైపు చూశారు. వాడు ఇంకా బల్ల మీదే ఉన్నాడు, తొమ్మిది తొమ్మిదుల దగ్గర. ఆయనకి వద్దన్నా నవ్వొచ్చింది.

"నేనెప్పుడన్నానే పంపుతానని? ఉండనీ. ఇక్కడే ఉండనీ." తర్వాత కరీమున్ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "అమ్మాయ్, మధ్యాన్నం అన్నం తిని నేనో కునుకు తీస్తా. ఆ వేళకి మాత్రం పంపకం పెట్టబాక తల్లీ."

కరీమున్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. గోల ఆపమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారు సైకిలెక్కి ఊరు దాటేదాకా ఆ బడి అరుస్తూనే ఉంది. బసవమ్మ బల్ల పక్కన నిలబడి, తమ వంతు ఇంకా రానివాళ్ళని ఒక్కొక్కర్నే ముందుకు తోస్తోంది.

"ఒరేయ్ బుల్లిగా, నువ్వేందిరా నోరు మూసుకున్నావు? పాలు వద్దా నీకు? ఊఁ, ఎత్తుకో పన్నెండో ఎక్కం!"